నష్టం ఎవరి ఖాతాలో రాయాలి? ఆర్టీసీ డబ్బుల గురించి కోదాడలో ఒక మాట

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

ఫ్లెక్సీ మీద "ఆర్టీసీ నష్టాలు – పరిష్కారాలు" అని పెద్దక్షరాలతో వేయించారు. పిలిచి భోజనం పెట్టినవాళ్లని తప్పు పట్టకూడదు గానీ, ముప్పయ్యేళ్లు కామర్సు చెప్పినవాణ్ణి, ఎవరైనా నష్టం అంటే "ఎవరి ఖాతాలో?" అని అడగడం నాకు జబ్బులా పట్టుకుంది. ఇవాళ మాట్లాడేదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు ఒక బస్సు సంగతి చెప్తాను. నా మొదటి ఉద్యోగం ఒక మండల కేంద్రంలో జూనియర్ కాలేజీలో. ఆ దారిలో చివరి ఊరికి నైట్ హాల్టు బస్సు ఉండేది. రాత్రి వెళ్లి అక్కడే ఆగి, డ్రైవరూ కండక్టరూ పంచాయతీ ఆఫీసు వరండాలో పడుకుని, తెల్లారి ఆరింటికి బయల్దేరేది. పాలక్యాన్లు, కూరగాయల గంపలు, ఆస్పత్రికి వెళ్లే ముసలివాళ్లు, పాసు పిల్లలు. కండక్టరు నాకు బాగా అలవాటు. ఒకసారి వేబిల్, అంటే ట్రిప్పు టికెట్ల లెక్క కాగితం, చూపించి "సార్, ఈ ట్రిప్పు ఈపీకే చూడండి, డీజిల్ డబ్బులు కూడా రావు" అన్నాడు. ఈపీకే అంటే కిలోమీటరుకి వచ్చే రాబడి, డిపోలో వాళ్లకి అన్నం కంటే ముందు అదే. ఒక వానాకాలం ఆ దారిలో కల్వర్టు కొట్టుకుపోయింది. దాదాపు నాలుగు నెలలు బస్సు వెళ్లలేదు. పరీక్ష ఫీజు కట్టే నాటికి నా క్లాసులో ఆ వైపు ఊళ్ల ఆడపిల్లలు ఐదుగురు లేరు. కల్వర్టు కట్టాక ముగ్గురు తిరిగి వచ్చారు. ఇద్దరికి అప్పటికే పెళ్లి చేసేశారు.

లెక్క ప్రకారం ఆ నాలుగు నెలలూ డిపోకి లాభమే, డబ్బులు రాని ట్రిప్పు తప్పింది కదా. ఆ ఇద్దరు పిల్లల చదువు మాత్రం ఏ ఖాతాలోనూ రాయలేదు.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. మన బస్సు కథ 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో మొదలైంది, అంటే మొదట అది సర్కారు శాఖే. దేశంలో రోడ్డు రవాణా కార్పొరేషన్ల చట్టం 1950లో వచ్చింది, దాని కింద మన ఏపీఎస్ ఆర్టీసీ 1958 జనవరిలో కార్పొరేషన్ అయింది. ఆ చట్టంలో 22వ సెక్షన్ కార్పొరేషన్ వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది. 30వ సెక్షన్ ఇంకా ముచ్చటైనది. తరుగుదల, వడ్డీలు, మిగతా కేటాయింపులన్నీ పోను లాభం మిగిలితే దాన్ని రోడ్ల అభివృద్ధికి రాష్ట్ర ప్రభుత్వానికి ఇవ్వాలట! (నవ్వులు) నవ్వకండి, నిజంగానే రాసి ఉంది. బస్సు డబ్బుతో రోడ్లు వేద్దామనుకున్న కాలం అది. ఇప్పుడు రోడ్లకి వేల కోట్లు పెడితే అది అభివృద్ధి, ఆ రోడ్డు మీద తిరిగే బస్సుకి డబ్బిస్తే అది భారం.

గొడవంతా ఇక్కడే. ఒక చేత్తో వ్యాపారం చెయ్యమన్నారు. రెండో చేత్తో, ఆ ఊరికి బస్సు వెయ్యి, విద్యార్థికి పాసు ఇవ్వు, దివ్యాంగులకి రాయితీ ఇవ్వు, జర్నలిస్టుకి రాయితీ ఇవ్వు, జాతరకి బస్సులు పంపు, ఎన్నికలొస్తే ఛార్జీ పెంచకు అన్నారు. ఏదీ తప్పు పని కాదు. కానీ చెప్పినవాడు డబ్బు కట్టాలా వద్దా? కడతారు, కట్టరని కాదు. ఎప్పుడు, ఎంత అన్నది ఆ ఏడాది ఖజానా దయ. ఈలోపు డిపోలో డీజిల్ ఆగదు, జీతాలు ఆగవు, కాబట్టి సంస్థ అప్పు చేస్తుంది. తెలంగాణలో అయితే ఉద్యోగులు తమ జీతాల్లోంచి సహకార పరపతి సంఘంలో దాచుకున్న డబ్బు కూడా సంస్థ వాడేసుకుంది, ఆ సంఘం హైకోర్టుకి ఎక్కాల్సి వచ్చింది. అప్పు మీద వడ్డీ, ఆ వడ్డీ కలుపుకుని నష్టం, ఆ నష్టం చూపించి "వీళ్లకి నడపడం చేతకాదు" అనడం. 2019 అక్టోబరు 5న సమ్మె మొదలై యాభై రోజులు దాటింది, మీ అందరికీ గుర్తుంది కదా. అప్పుడు విన్నదంతా ఈ మాటే. 5,100 రూట్లు ప్రైవేటుకి ఇస్తామని కేబినెట్ నిర్ణయించింది కూడా. చివరికి కిలోమీటరుకి 20 పైసలు ఛార్జీ పెంచి ఆ సంవత్సరం గట్టెక్కించారు.

డీజిల్ సంగతి చూద్దాం. ఎవరికైనా క్యాలిక్యులేటర్ కావాలంటే ఫోన్ తీయండి. హైదరాబాద్‌లో లీటరు 95 రూపాయల పైమాటే. తెలంగాణలో డీజిల్ మీద వ్యాట్ 27 శాతం, అంటే ఆ 95లో ఇరవై రూపాయల దాకా రాష్ట్ర ఖజానాకే పోతుంది. ఆంధ్రలో 22.25 శాతం, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్ ఇంకో రూపాయి. బస్సు లీటరుకి ఐదు కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం, రోజుకి 300 కిలోమీటర్లు తిరిగితే 60 లీటర్లు. అరవై ఇరవైలు 1,200. ఒక్క బస్సు, ఒక్క రోజు, సొంత ప్రభుత్వానికి కట్టే పన్ను. నెలకి 36 వేలు. డీజిల్ జీఎస్టీలో లేదు కాబట్టి కట్టిన పన్నులో పైసా కూడా తిరిగి సర్దుబాటు చేసుకునే వీల్లేదు. ఇవతల జేబులోంచి తీసుకుని అవతల జేబులోంచి "ఆర్టీసీకి సాయం చేస్తున్నాం" అని ఇస్తే ఆ సాయం ఎంత అని నేను అడుగుతాను. అడిగితే నన్ను యూనియన్ మనిషి అంటారు. కాదు, నేను సీజన్ పాసు మనిషిని.

2013 జనవరిలో ఇంకో దెబ్బ. బల్కుగా కొనేవాళ్లకి కేంద్రం డీజిల్ సబ్సిడీ తీసేసింది. అంటే రోజుకి వేల లీటర్లు కొనే ఆర్టీసీకి ధర ఎక్కువ, పక్క బంకులో కారుకి కొట్టించుకునే నాకు తక్కువ. కిరాణా కొట్టులో బస్తా కొంటే ధర తగ్గిస్తారు, ఇక్కడ మాత్రం ఉల్టా. 2022లో మళ్లీ బల్కు ధర బంకు ధర కంటే బాగా ఎక్కువైపోతే, డిపో బస్సులు బయట బంకుల్లో లైను కట్టాయి. ఆ ఏప్రిల్‌లోనే టికెట్ మీద డీజిల్ సెస్ వచ్చింది, పల్లెవెలుగుకి 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌కి 5.

ఇక మీరంతా ఎదురుచూస్తున్న విషయం, ఆడవాళ్లకి ఉచిత బస్సు. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబరు 9న మొదలైంది. ఆంధ్రలో స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15న. మనకంటే ముందు ఢిల్లీ, తమిళనాడు, కర్ణాటక మొదలుపెట్టాయి. 2025 జులైకి తెలంగాణలో జీరో టికెట్లు, అంటే ఆడవాళ్లకి డబ్బు తీసుకోకుండా కొట్టే టికెట్లు, 200 కోట్లు దాటాయి, వాటి విలువ 6,680 కోట్లు అని ప్రభుత్వమే చెప్పింది. భాగిస్తే టికెట్‌కి 33 రూపాయల చిల్లర. నెలకి సగటున 340 కోట్లు. ఆంధ్రలో ఏడాదికి 1,942 కోట్లు అవుతుందని లెక్కేశారు.

నేను ఈ పథకానికి వ్యతిరేకిని కాదు, ముందే చెప్పేస్తున్నా, రేపు వీడియో ముక్క కోసి పెట్టకండి. ఆడవాళ్లు ఇంట్లో ఎవరినీ డబ్బు అడక్కుండా బయటికి రావడం చిన్న విషయం కాదు. నా అభ్యంతరం డబ్బు ఇచ్చే పద్ధతి మీద.

ఇప్పుడు ప్రభుత్వం లెక్క కట్టేది టికెట్‌కి. ఎన్ని జీరో టికెట్లు కొడితే అంత బాకీ. అలా అయితే సంస్థకి లాభం దేంట్లో ఉంది? ఒకే బస్సులో ఎక్కువ మందిని ఎక్కించడంలో. యాభై సీట్ల బస్సులో తొంభై మంది ఎక్కితే తొంభై టికెట్లు, ఖర్చు మాత్రం ఒక్క బస్సుదే. ఇంకో బస్సు వేశారనుకోండి, అవే తొంభై టికెట్లని రెండు బస్సులు పంచుకుంటాయి, డీజిలు డబుల్, డ్రైవర్లు డబుల్. ఏ డిపో మేనేజరు వేస్తాడు? ఆయన చెడ్డవాడు కాదు, లెక్క అలా ఉంది. ఓఆర్, అంటే బస్సులో సీట్లు నూటికి ఎన్ని నిండాయన్న లెక్క, వందకి చేరిందని పేపర్లో గొప్పగా రాస్తారు. ఓఆర్ వంద అంటే డిపోలో పండగే గానీ, ఫుట్‌బోర్డు మీద వేలాడే మనిషికి పండగేం కాదు. ఖాళీ బస్సు పోయే పొద్దున్న ట్రిప్పులూ, కిక్కిరిసిపోయే సాయంత్రం ట్రిప్పులూ కలిపి తీసిన సగటు అది.

అందుకే నేను చెప్పేది కిలోమీటరుకి ఇవ్వమని. ఈ జిల్లాలో, ఈ రూట్లలో, రోజుకి ఇన్ని కిలోమీటర్లు బస్సు తిరగాలి అని ప్రభుత్వం రాతపూర్వకంగా కోరాలి. తిరిగిన కిలోమీటరుకి ఖర్చు ఎంత, టికెట్ల మీద వచ్చింది ఎంత, తేడా ఎంత, ఆ తేడా నెలనెలా కట్టాలి. తిరగకపోతే కోత పెట్టండి. అప్పుడు నైట్ హాల్టు బస్సు నష్టం కాదు, సర్కారు కొనుక్కున్న సర్వీసు. ఆడవాళ్లకి ఉచితమా, అందరికీ సగమా, ముసలివాళ్లకా, అది ఎమ్మెల్యేలు తేల్చుకునే విషయం, డిపో లెక్క దానితో కుదేలవ్వదు.

ఇదేదో నేను కలగన్నది కాదు. అద్దె బస్సు యజమానికి ఆర్టీసీ ఎన్నో ఏళ్లుగా ఇస్తున్నది కిలోమీటరుకే. కొత్తగా వస్తున్న ఎలక్ట్రిక్ బస్సులూ అంతే, కంపెనీ బస్సు పెడుతుంది, డ్రైవర్ని పెడుతుంది, టికెట్లు ఎన్ని తెగాయన్నది వాళ్లకి అనవసరం, తిరిగిన కిలోమీటరుకి ఇంత అని తీసుకుంటుంది. ఆ కంపెనీలకి డబ్బు ఆలస్యం కాకూడదని 2024 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ 3,435 కోట్లతో ఒక పథకమే పెట్టింది. రాష్ట్రం టైముకి కట్టకపోతే ఆ నిధిలోంచి కట్టి, తర్వాత రాష్ట్రం దగ్గర వసూలు చేసుకుంటారు. బాగుంది, తప్పనను, ఆ భరోసా లేకపోతే బ్యాంకు అప్పు ఇవ్వదు. కానీ చూడండి, ప్రైవేటు కంపెనీ బస్సుకి ఆర్టీసీ కట్టే డబ్బుకి గ్యారంటీ ఉంది, ఆర్టీసీకి సర్కారు కట్టే డబ్బుకి లేదు.

(సభలోంచి ఒక యువకుడు: "సార్, ఆడవాళ్లకి ఫ్రీ, మగవాళ్లకి ఛార్జీ పెంపు. మేమేం పాపం చేశాం?")

కూర్చో తమ్ముడూ, మంచి ప్రశ్న, నేను అక్కడికే వస్తున్నా. నీ కోపం నిజమే గానీ గురి తప్పింది. పక్క సీట్లో కూర్చున్న అమ్మ నీ డబ్బు తినలేదు. 2025 అక్టోబరు 6 నుంచి హైదరాబాద్ సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకి 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెంచారు. ఎందుకన్నారు? సిటీకి 2,800 ఎలక్ట్రిక్ బస్సులు వస్తాయి, వాటికి కొత్త డిపోలు, ఛార్జింగ్ స్టేషన్లు కట్టాలి, 392 కోట్లు కావాలి. ఇక్కడ కామర్సు చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీరు చెప్పండమ్మా. ఛార్జింగ్ స్టేషన్ కట్టడం ఏ ఖర్చు? మూలధన ఖర్చు, కరెక్ట్. ఇరవై ఏళ్లు పనికొచ్చే ఆస్తి కట్టడానికి, ఇవాళ బస్సెక్కిన కూలీ దగ్గర పది రూపాయలు వసూలు చేస్తారా? ఫ్లైఓవర్ కట్టినప్పుడు దాని మీద వెళ్లే కారు దగ్గర ముందే వసూలు చేశారా? ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లవాడు పరీక్షలో మూలధన ఖర్చుని రెవెన్యూ ఖర్చులో రాస్తే నేను మార్కులు కోసేవాణ్ణి. పైగా మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్లది జీరో టికెట్ కాబట్టి ఆ పది రూపాయలు చేతి నుంచి ఇచ్చేది చాలావరకు మగవాళ్లే. నువ్వు అడగాల్సింది బడ్జెట్ రాసేవాళ్లని.

అదే ఏడాది సెప్టెంబరులో ఏం జరిగిందో కూడా చెప్తా. హైదరాబాద్ మెట్రో మొదటి దశ, 69 కిలోమీటర్లు, అప్పట్లో ఎల్ అండ్ టీ నడిపేది కదా, అప్పుల్లో ఉన్నాం, మా వల్ల కాదన్నారు. రాష్ట్ర ప్రభుత్వం 13 వేల కోట్ల అప్పు తన మీద వేసుకుని, వాటా కింద ఇంకో 2 వేల కోట్లు ఇచ్చి తీసుకోవడానికి ఒప్పుకుంది. మెట్రో ఆగకూడదు, నేనూ ఎక్కుతాను, సుబ్బరంగా ఉంటుంది. కానీ 15 వేల కోట్ల దగ్గర ఎవరూ "నష్టాల మెట్రో" అని ఫ్లెక్సీ వేయలేదు. (చప్పట్లు)

ఆంధ్ర పద్ధతి వేరు. 2020 జనవరి 1 నుంచి యాభై వేల మందికి పైగా ఆర్టీసీ ఉద్యోగుల్ని ప్రజా రవాణా శాఖలో కలిపేశారు, జీతాలు ఖజానా నుంచి. బస్సులూ డిపోలూ మాత్రం కార్పొరేషన్ పేరు మీదే ఉన్నాయి. నాకు ఆ దారి సగం నచ్చింది. జీతం గురించి కండక్టరుకి టెన్షన్ పోయింది. కానీ కొత్త బస్సు ఎవరు కొంటారు, ఏ ఊరికి ఎన్ని ట్రిప్పులు ఉండాలి అన్న ప్రశ్న జీతాలతో తీరేది కాదు. ఉద్యోగి సర్కారు మనిషి అయినంత మాత్రాన ఊరికి బస్సు రాదు కదా. తెలంగాణ 2023 ఆగస్టులో ఇలాంటి బిల్లే పాస్ చేసింది, సెప్టెంబరులో గవర్నర్ సంతకం అయింది, 43 వేల మంది మిఠాయిలు పంచుకున్నారు. ఏ తేదీ నుంచి అమలు అన్న దగ్గర ఆగిపోయింది.

మరి డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అని అడుగుతారు. బయట దేశాల్లో రకరకాలుగా తెస్తారు. ఫ్రాన్సులో పది మంది కంటే ఎక్కువ ఉన్న కంపెనీలు జీతాల మీద కొంత శాతం రవాణా పన్ను కట్టాలి. 1971లో పారిస్ ప్రాంతంలో మొదలైంది. ఉద్యోగి వేళకి పనికి వస్తే లాభం యజమానికే కదా అన్నది వాళ్ల తర్కం. వింటే హైటెక్ సిటీ గుర్తొస్తుంది. మనకి వృత్తి పన్ను ఉంది, నెలకి 200, కానీ రాజ్యాంగం 276వ అధికరణం ఏడాదికి 2,500 మించకూడదు అంటోంది. కాబట్టి అటు దారి ఇరుకు. ముంబైలో బెస్ట్ సంస్థ కరెంటు బిల్లుల్లోంచి బస్సుల నష్టం పూడ్చుకునేది, అదీ ఆగిపోయింది. జీహెచ్ఎంసీ సిటీ బస్సుల నష్టం భరించాలా అక్కర్లేదా అన్న వాదన 2019లో హైకోర్టు దాకా వెళ్లింది, బల్దియాకే డబ్బుల్లేవన్నారు. బస్టాండ్ స్థలాల్లో కాంప్లెక్సులు కట్టి లీజుకి ఇవ్వడం, కార్గో పార్సిళ్లు, బస్సు మీద ప్రకటనలు, ఇవన్నీ చెయ్యొచ్చు, చేస్తున్నారు, పచ్చడి లాంటివి, అన్నం కావు.

నా లెక్కలో రెండే పెద్ద వనరులు. ఆర్టీసీ డీజిల్ మీద కట్టిన వ్యాట్ ఆర్టీసీకే వెనక్కి రావాలి, ప్రతి నెలా, అడక్కుండా. రెండోది, కారూ బండీ కొన్నప్పుడు మనం కట్టే లైఫ్ ట్యాక్స్‌లో ఒక వాటా బస్సుకని చట్టంలో రాయాలి. బస్సు లేక బండి కొన్నవాళ్లమే కదా మనలో సగం మంది. మా ఇంట్లో మూడున్నాయి, సిగ్గుగానే చెప్తున్నా. ఈ రెండూ కలిపినా సరిపోతుందని నేను ప్రమాణం చెయ్యను, మిగతాది బడ్జెట్లో పెట్టాలి.

(ఒక పెద్దాయన: "ప్రైవేటుకి ఇచ్చేస్తే ఈ గోలంతా ఉండదు కదండీ మాస్టారూ?")

ఇవ్వండి బాబాయ్. హైదరాబాద్–విజయవాడ రూటుకి రేపు పొద్దున్నే వంద మంది వస్తారు, వచ్చే ఉన్నారు. మీ ఊరికి నైట్ హాల్టు పెడతానని ఒక్కడు వస్తే నాకు ఫోన్ చెయ్యండి. వాడు కూడా వస్తాడు, కిలోమీటరుకి ఇంత ఇస్తామంటే. అప్పుడు మళ్లీ నేను చెప్పిన లెక్కకే వచ్చాం కదా!

ఆటోవాళ్ల మాట కూడా ఒకటి. ఉచిత బస్సుతో వాళ్ల బేరాలు దెబ్బతిన్నాయి, నిజం. ఆంధ్రలో 2025 అక్టోబరులో దాదాపు 2.90 లక్షల మంది డ్రైవర్లకి తలా 15 వేలు వేశారు. అది కూడా ఈ పథకం ఖర్చులోనే రాయాలి, వేరే పద్దు కింద దాచకూడదు.

(ఒక మహిళ: "సార్, మా ఊరికి రోజుకి ఒక్క బస్సు, అదీ వస్తే వచ్చినట్టు. మాకు ఫ్రీ వద్దు, టికెట్ కొంటాం, బస్సు రమ్మనండి.")

అమ్మా, మీరు రెంట్లో ఒకటి వదులుకోవాల్సిన పని లేదు. మీ ఊరు ఇక్కడికి ఎంత దూరం? పన్నెండా? ఎన్ని ఇళ్లు? మూడొందలు ఉంటాయా. సరే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బస్సు వచ్చి వెళ్లిందనుకోండి. నాలుగు పన్నెండ్లు 48 కిలోమీటర్లు. కిలోమీటరుకి ఖర్చు లెక్క కోసం 60 రూపాయలు అనుకుందాం, రోజుకి 2,880, నెలకి 86,400. ఒక్కరు కూడా టికెట్ కొనకపోయినా, మూడొందల ఇళ్లకి పంచితే ఇంటికి నెలకి 288 రూపాయలు. మీ ఇంట్లో బండి ఉందా? ఉంది. మూడు లీటర్ల పెట్రోలు ఖరీదు కూడా కాదది.